గీతకీ ఒక చరిత్ర ఉంది



మన తెలుగు అక్షరాలు ఇంత గుండ్రంగా ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? తాటాకు మీద గంటంతో ఈనె వెంబడి తిన్నగా గీస్తే ఆకు చీలిపోతుంది. అందుకే రాతగాళ్ళు గీతల్ని ఒంపులు తిప్పారని లిపి చరిత్ర రాసినవారు చెబుతూంటారు. తాటాకు పోయింది, గంటం పోయింది. గుండ్రదనం మాత్రం మన చేతిలో ఉండిపోయింది. కంప్యూటరు గీసే గ్రాఫుల కథ కూడా ఇలాంటిదే.

గ్రాఫులతో మనకేం పని అనకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గంటలు అడ్డంగా, అడుగులు నిలువుగా వేసి చుక్కలు కలిపితే, గోదావరి ఎంత జోరుగా పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుముఖం పట్టిందో చూడగానే తెలుస్తుంది. బియ్యం బస్తా అటకెక్కించాలా, పిల్లల్ని తీసుకుని లంక దాటాలా అన్నది తేల్చుకోవడానికి ఆ గీత ఆసరా.

మరి ఆ గీతని యంత్రం ఎలా నేర్చుకుంది? 1959లో అమెరికాలో కాల్‌కాంప్ కంపెనీ 565 అనే యంత్రాన్ని తెచ్చింది. దానిలో కాగితం చుట్టిన డోలు ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, కలం పక్కలకి జరుగుతుంది. అంగుళంలో నూరోవంతు చొప్పున అడుగులు వేస్తుంది. దానికి తెలిసిన ఆజ్ఞలు కొన్నే: కలం దించు, జరుపు, కలం ఎత్తు. మనం ముగ్గు వెయ్యడమూ అంతే కదా! దానికి రంగులద్దడం రాదు. అందుకే ఒక గీతని నిండుగా, ఒకదాన్ని ముక్కలుగా, ఇంకోదాన్ని చుక్కలుగా గీసి తేడా చూపించారు.

1972లో టెక్‌ట్రానిక్స్ 4010 అనే తెర వచ్చింది. దాని మీద గీసిన గీత అలాగే వెలుగుతూ నిలిచిపోతుంది. ఒక్క గీతని చెరపడం కుదరదు. తప్పొస్తే వాకిలంతా మళ్ళీ కళ్ళాపి చల్లి, ముగ్గు మొదటినుంచీ వేసుకోవాల్సిందే. అక్షరాల సంగతీ చూడండి. 1967లో అలెన్ హెర్షీ అనే ఆయన అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పొట్టి గీతలతోనే అక్షరాలు కూర్చాడు. ఇంగ్లీషు, గ్రీకు, రష్యన్ ఉన్నాయి. తెలుగు లేదు.

గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల మహావరద వచ్చిన 1986లోనే గ్నూప్లాట్ అనే గ్రాఫుల ప్రోగ్రాము పుట్టింది. ఇప్పటికీ శాస్త్రజ్ఞులు దాన్ని వాడుతున్నారు. బొమ్మని ఫైలులో దాచుకోవాలన్నా దానికి ముందు 'టెర్మినల్' ఏదో చెప్పాలి. టెర్మినల్ అంటే ఆ పాత తెరలాంటి యంత్రం. యంత్రం మూలపడ్డా మాట మిగిలింది. చాలాకాలం అది మొదటి గీతని ఎరుపులో, రెండోదాన్ని ఆకుపచ్చలో గీసేది. ఆ రెండు రంగులకీ తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయి. 2015లో వచ్చిన అయిదో కూర్పులో గానీ ఆ రంగులు మార్చలేదు.

పాతదంతా పనికిరానిదని నేననను. ఆ చుక్కల గీత, ముక్కల గీత ఉన్నాయే, అవి ఎంతో మేలు. నలుపు తెలుపు కాగితం మీద అచ్చు పడ్డా, జిరాక్సు తీసినా మూడు హెచ్చరికలూ విడివిడిగా కనిపిస్తాయి. రంగుల్నే నమ్ముకుంటే మూడూ ఒక్కలాగే నల్లబడతాయి. ఇది ఉంచుకోవాల్సిన సుగుణం. అక్షరాల సంగతి వేరు. తెలుగు రాని యంత్రాలు వెళ్ళిపోయాయి, ఇవాళ కంప్యూటరుకి తెలుగు బాగానే వచ్చు. కనుక వరద గ్రాఫు కింద ఇంగ్లీషు మాటలే ఉంటే అది యంత్రం లోపం కాదు, అలవాటు.

ఈసారి అలాంటి గ్రాఫు మీ కంటబడితే మూడు గీతలూ విడివిడిగా తెలుస్తున్నాయా, పక్కన తెలుగులో రాశారా అని చూడండి. లేకపోతే అడగండి. ఏటిగట్టు పక్కన కాపురం ఉండేవాళ్ళకి అడిగే హక్కు ఉంది.