కంపోజిటర్ గీసిన సరిహద్దు

ముందు సీసం వాసన తగులుతుంది. 1920లలో మదరాసులో ఒక ప్రెస్సు. అరల పెట్టె ముందు నిలబడ్డ కుర్రాడు కంటికంటే వేగంగా వేళ్ళతో అక్షరాలు ఏరుతున్నాడు. అద్దంలో చూసినట్టు తిరగబడ్డ తమిళ అక్షరాలు. మూడో తరగతితో బడి ఆగిపోయింది, మగ్గం దగ్గర కూలి చేశాడు. ఇప్పుడు ఎవరో రాసిన సంపాదకీయాలు పేరుస్తూ చదువు నేర్చుకుంటున్నాడు. పత్రిక 'తమిళనాడు', యజమాని వరదరాజులు నాయుడు. మన తెలుగింటి మనిషే! కుర్రాడు శివజ్ఞానం, రేపటి మా.పొ.సి.

పదేళ్ళకే బొగ్గుగనిలో దిగి 1892లో పార్లమెంటు మెట్లెక్కిన స్కాట్లాండు కీర్ హార్డీ గురించి మనం మెచ్చుకోలుగా రాసుకుంటాం. ఈ కంపోజిటర్ గురించి రాయం. కారణం తెలిసిందే: సరిహద్దు తగాదాలో ఈయన మనకు ఎదురుపక్షం.

1942 ఉద్యమంలో అమరావతి జైలుకు వెళ్ళాడు. అది మన అమరావతి కాదు, విదర్భలోది. చెడిన ఆరోగ్యంతో, జైల్లో చదువుకున్న తమిళ కావ్యం శిలప్పదికారంతో బయటికొచ్చాడు. 1946లో తమిళ అరసు కళగం అనే సంస్థ పెట్టాడు.

ఇప్పుడు మీరు తిరుత్తణిలో ఉన్నారు, 1953. పైన మురుగన్ కొండ, కింద జనం. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడే ఊరిది. ఆంధ్ర రాష్ట్రం రాబోతోంది, చిత్తూరు జిల్లాతో పాటు ఈ తాలూకా కూడా అటే. మా.పొ.సి. గుబురు మీసాలు కదులుతున్నాయి. వేంకటాన్ని వదలం అంటున్నాడు, అంటే తిరుపతినీ అడుగుతున్నాడు! మీకు ఒళ్ళు మండుతుంది. అయినా కదలరు. ఆ మాటల్లో ఒక్క అక్షరం జారదు మరి.

చివరికి మధ్యవర్తి పటాస్కర్ ఊరు ఊరుగా లెక్కలు చూశాడు. తిరుపతి ఇటే నిలిచింది. తిరుత్తణి మదరాసు వైపు వెళ్ళింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి కొన్ని ఊళ్ళు సత్యవేడు వైపు మనకొచ్చాయి.

1960 ఏప్రిల్ 1, శుక్రవారం. తాలూకా కచేరీ ముందు ఒక నేతగాడు పక్కవాణ్ణి అడుగుతున్నాడు:

"ఇంకమింద భూమి కాయితాలకి చిత్తూరికి పోబన్లేదాన్నా?"

"లేదబ్బా, చెంగల్పట్టు జిల్లా కచేరీకి పోవల్ల."

"బస్సు చార్జీ ఎంతవుతాదో?"




"అది మాత్రం ఏ మీసాలాయనా చెప్పలేదబ్బా."