మెమరీ కార్డు వేగం (డిజిటల్ కెమెరాలు)

కెమెరా పంపిన ఫోటోను, వీడియోను మెమరీ కార్డు సెకనుకు ఎన్ని మెగాబైట్ల చొప్పున రాసుకుంటుందో, తిరిగి ఎన్ని మెగాబైట్ల చొప్పున అప్పగిస్తుందో తెలిపే కొలతే కార్డు వేగం. కొట్లో చాలామంది దీన్ని ‘చిప్పు’ అని, ఎన్ని జీబీ అని అడిగి కొనేస్తారు. అట్ట మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె దాదాపు ఎప్పుడూ చదివే వేగమే. కెమెరాకు కావలసింది రాసే వేగం. అది వెనక సన్నటి అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు.

గుర్తులు

ఎస్‌డీ కార్డును 1999లో శాన్‌డిస్క్, మత్సుషితా (తర్వాతి పానసోనిక్), తోషిబా కలిసి తెచ్చాయి. 2000లో ఏర్పడిన ఎస్‌డీ అసోసియేషన్ దాని ప్రమాణాలు చూస్తుంది. ‘సి’లో ఇరికించిన 10, ‘యు’లో ఉన్న 1, ‘వి 10’ అనే మూడు గుర్తులూ చెప్పేది ఒక్కటే: వరుసగా రాస్తున్నప్పుడు సెకనుకు 10 మెగాబైట్లకు తగ్గదని. మూడూ ఒకే కార్డు మీద ఉన్నాయని మూడింతలు మంచిదనుకోనక్కర్లేదు. ‘యు’లో 3 ఉన్నా, ‘వి 30’ అన్నా 30 మెగాబైట్లు. వి 60, వి 90 ఆ పైవి. ఇవన్నీ కనీస హామీలు, గరిష్ఠాలు కావు.

కార్డు మీది రోమన్ అంకెలు (I, II) చెప్పేది వేరే సంగతి. అవి దారి వెడల్పును తెలుపుతాయి. యూహెచ్‌ఎస్ ఒకటో రకంలో సెకనుకు 104 మెగాబైట్ల వరకు, రెండో రకంలో 312 వరకు వెళ్లే వీలుంది. కార్డును తిరగేస్తే రెండో రకానికి బంగారు రంగు పిన్నులు రెండు వరుసలుంటాయి. దాన్ని ఒకే వరుస అందుకునే కెమెరాలో పెడితే పనిచేస్తుంది గానీ ఒకటో రకంలాగే నడుస్తుంది, పెట్టిన డబ్బు దండగ. ఒకటో రకం కార్డు మీద 170 అనో 200 అనో అచ్చేస్తే, ఆ వేగం అందుకోగల ప్రత్యేక రీడర్లోనే వస్తుంది, కెమెరాలో రాదు. పాత కార్డుల మీద కనిపించే ‘ఎక్స్’ లెక్క సీడీల నాటిది: ఒక ఎక్స్ అంటే 150 కిలోబైట్లు, కాబట్టి 633 ఎక్స్ అంటే సుమారు 95 మెగాబైట్లు. ఎ1, ఎ2 గుర్తులు ఫోన్లలో యాప్‌లు నడపడానికి పెట్టినవి, ఫోటో తీసేవాళ్లు వాటిని వదిలేయవచ్చు.

కొండకర్ల ఆవలో లెక్క

అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవలో నీటి మీంచి లేచే పక్షుల గుంపును తీయాలంటే బర్స్ట్ (ఆపకుండా వరుసగా తీయడం) తప్పదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు 10 రా ఫోటోలు తీస్తోంది, ఒక్కొక్కటి 25 మెగాబైట్లు అనుకుందాం. అంటే సెకనుకు 250 మెగాబైట్లు వచ్చి పడుతున్నాయి. అవి ముందు బఫర్‌లోకి, అక్కణ్నుంచి కార్డులోకి వెళ్తాయి. బెల్లం మార్కెట్టుకు బళ్లన్నీ ఒక్కసారే వస్తే కాటా తన వేగంతో తాను తూస్తుంది, తక్కినవి యార్డులో నిలబడతాయి. బఫర్ ఆ యార్డు, కార్డు ఆ కాటా.

బఫర్ 1,000 మెగాబైట్లయితే, నిజంగా 80 మెగాబైట్లు రాసే కార్డుతో దాదాపు 6 సెకన్లకు నిండుతుంది. 20 మాత్రమే రాసే కార్డుతో నాలుగు సెకన్లు దాటగానే నిండుతుంది. తేడా రెండు సెకన్లు కూడా లేదు. అసలు తేడా ఆ తర్వాత తెలుస్తుంది: మొదటి కార్డుతో బఫర్ ఖాళీ కావడానికి 12.5 సెకన్లు చాలు, రెండోదానితో 50 పడుతుంది. కార్డులోకి ఇంకా రాస్తున్నట్టు తెలిపే కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది, ఈలోగా పక్షులు మరో గట్టుకు వెళ్లిపోతాయి. జేపెగ్‌లో తీస్తే ఫైళ్లు చిన్నవై ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

జాతర, బొజ్జన్నకొండ

వీడియోకి గరిష్ఠ వేగం కంటే నిలకడ ముఖ్యం. కెమెరా మెనూలో ఉండేది మెగాబిట్లు, కార్డు మీద ఉండేది మెగాబైట్లు. ఎనిమిదితో భాగించాలి. 100 మెగాబిట్ల 4కె వీడియోకి సెకనుకు 12.5 మెగాబైట్లు చాలు, కాబట్టి వి 30 కార్డు పుష్కలంగా సరిపోతుంది. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతర తీసేవారికి వేగం కంటే జాగా కరువు: అదే నాణ్యతతో గంటకు 45 జీబీ కావాలి, 64 జీబీ కార్డు గంటన్నర రాదు. 400 మెగాబిట్లకు వెళ్తేనే 50 మెగాబైట్లు అవసరమై వి 60 కావాలి.

శంకరం దగ్గరి బొజ్జన్నకొండ మీద స్టాండు పెట్టి, రాతి స్తూపాలను, గుహలను ఒక్కొక్కటిగా తీసేవారికి ఏ కార్డయినా ఒకటే.

ఇంటికొచ్చాక చదివే వేగం పని పడుతుంది. 64 జీబీ నిండిన కార్డును పాత యూఎస్‌బీ 2.0 రీడర్లో సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున దింపితే అరగంట, 90 చొప్పున 12 నిమిషాలు, 250 చొప్పున నాలుగుంపావు.

పరీక్ష

కార్డుకు లేని సామర్థ్యం అచ్చేసిన నకిలీలు ఎక్కువే. ముందు కొంత సవ్యంగా రాసి, జాగా మించాక పాతవాటిని చెరిపేసేవి ఉంటాయి. కొత్త కార్డును మొత్తం నింపి, తిరిగి చదివి సరిచూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి సాధనాలు ఆ మోసాన్ని బయటపెడతాయి, సగటు వేగమూ చూపిస్తాయి. అవి లేనివారు వేగం వరకు తెలుసుకోవాలంటే కెమెరాలో బర్స్ట్ తీసి ఎర్రదీపం ఆరేదాకా గడియారం చూసుకుంటే చాలు. తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. 64 జీబీ కార్డును కంప్యూటరు 59.6గా చూపిస్తే అది మోసం కాదు: తయారీదారు వెయ్యితో లెక్కగడతాడు, అలా చూపించే కంప్యూటరు 1,024తో లెక్కగడుతుంది.