మత్తులో ఉన్న మనిషికి వినిపించిందని ఎలా తెలుస్తుంది?

మధ్య చెవి ఇంప్లాంట్ మామూలు వినికిడి మిషన్ లాంటిది కాదు. మిషన్ శబ్దాన్ని పెంచుతుంది, ఇంప్లాంట్ చెవి లోపలి భాగాన్ని నేరుగా కదిలిస్తుంది. చెవిలో చీము కారి ఎముకలు అరిగిపోయినవారికి, పుట్టుకతో చెవి రంధ్రం మూసుకుపోయినవారికి, మిషన్ పెట్టుకోలేనివారికి డాక్టర్లు దీన్ని సూచిస్తారు. ఇలాంటి వాటిలో ఒకటైన వైబ్రంట్ సౌండ్‌బ్రిడ్జ్‌ను మొదటిసారి 1996లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో అమర్చారు.

ఇందులో కంపించే ముక్క పొడవు సుమారు 2.3 మిల్లీమీటర్లే. దాన్ని దాగలి, రికాబు ఎముకల్లో ఒకదానికి గానీ, లోపలి చెవి కిటికీ పొర మీద గానీ ఆనించి పెడతారు. ఆ పట్టు వదులైతే పరికరం మంచిదైనా శబ్దం సరిగా అందదు. గాయం మూసేశాక సరిచేయాలంటే మళ్లీ ఆపరేషనే.

అందుకే కొన్ని చోట్ల ఆపరేషన్ టేబుల్ మీదే వినికిడిని కొలుస్తారు. రోగి మత్తులో ఉంటాడు కాబట్టి నరాన్నే అడుగుతారు. పసిపిల్లలకు చేసే బేరా పరీక్ష పద్ధతే ఇది. నుదుటి మీద, చెవుల దగ్గర తీగలు పెట్టి, ఇంప్లాంట్ ద్వారా టిక్ టిక్ శబ్దాలు పంపిస్తారు. నరం, మెదడు కాండం ఇచ్చే జవాబు కంప్యూటర్‌లో అలలుగా కనిపిస్తుంది. శబ్దం తగ్గిస్తూ పోయి, ఎంత తక్కువకు అల ఇంకా కనిపిస్తోందో చూస్తారు. పెద్ద శబ్దానికే జవాబు వస్తుంటే, సర్జన్ ముక్కను సర్ది మళ్లీ కొలుస్తారు.

ఈ కొలత పట్టు సరిగా ఉందో లేదో చెబుతుంది. మాటలు ఎంత బాగా అర్థమవుతాయో చెప్పదు. అది గాయం మానాక, బయటి ప్రాసెసర్ ఆన్ చేశాకే తెలుస్తుంది. ప్రాసెసర్ అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది కాబట్టి వుజూ, గుస్ల్ సమయంలో తీసి పెట్టుకోవచ్చు.

చందనవెల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు కుటుంబాలకు చెవికి ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి హైదరాబాద్ కోఠిలో ఉంది. ఆరోగ్యశ్రీలో పిల్లలకు ఉన్నది కాక్లియర్ ఇంప్లాంట్, అది వేరే పరికరం. ఖర్చు సంగతి ముందే ఆరోగ్యమిత్రను అడగాలి. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌ను కూడా అడగాలి: "టేబుల్ మీద కొలుస్తారా? జవాబు రాకపోతే ఏం చేస్తారు? తర్వాత ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా?"