దారి ఎవరిది? మాట ఎవరిది?

యూసుఫ్‌గూడలో మా వీధిలో ఏ మేడ చూసినా హాస్టలే. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని మాదాపూర్‌లో ఉద్యోగం చేసే యువకులు మంచానికింతని అద్దె కట్టి ఉంటారు. వారిలో ఒకడు మొన్న వచ్చి కూర్చున్నాడు. భోజన విరామంలో తన సొంత ఫోనులో ఉద్యోగ ప్రకటనల సైటు చూశాడట. వారం తిరక్కుండా మేనేజరు పిలిచి, "వేరేచోట వెతుకుతున్నావటగా" అన్నాడట. "ఫోను నాది, వైఫై వాళ్లది. తప్పు నాదేనా సార్?" అని అడిగాడు.

ఈ ప్రశ్న వైఫైతో పుట్టింది కాదు. ఉత్తరం తపాలా సంచిలో ప్రయాణించినంత మాత్రాన తపాలా శాఖ సొత్తు కాదు. కాని వలస ప్రభుత్వం 1885 టెలిగ్రాఫ్ చట్టంలోనూ, 1898 పోస్టాఫీసు చట్టంలోనూ ఇతరుల మాటను మధ్యలో ఆపి చూసే అధికారం రాసుకుంది. తెల్లవాడు పోయినా ఆ అధికారం పోలేదు. 1986లో పార్లమెంటు దాన్ని మరింత పెంచుతూ బిల్లు ఆమోదిస్తే రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకం పెట్టలేదు. 2023లో పాత చట్టాల స్థానంలో కొత్తవి చేశారు. ఆ అధికారం వాటిలోనూ ఉంది.

అదే 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టాన్ని సవరించి, కలెక్టరు అనుమతించిన ఎవరైనా బ్యాంకులో ప్రవేశించి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చునంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ నడిచిన ఆ వివాదంలో, 2004లో సుప్రీంకోర్టు సవరణను కొట్టివేసింది. గోప్యత మనుషులది, స్థలాలది కాదనీ, పత్రం బ్యాంకు చేతిలో ఉన్నంత మాత్రాన ఖాతాదారు హక్కు కోల్పోడనీ తేల్చింది. మా కుర్రవాడి ప్రశ్నకు సమాధానపు మూలం ఈ తీర్పులోనే ఉందని నా అభిప్రాయం.

ఇంతకూ వైఫై యజమానికి ఏం కనిపిస్తుంది? ఏ ఫోను, ఎన్ని గంటలకు, ఏ సైటును అడిగింది, ఎంత డేటా వాడింది అన్నవి సాధారణంగా తెలుస్తాయి. నేటి సైట్లు చాలావరకు సంకేతలిపిలో నడుస్తాయి గనుక లోపలి మాటలు కనిపించవు. ఫోనులో కంపెనీ తన సర్టిఫికెట్టు ఎక్కిస్తే ఆ తెర కూడా చాలాచోట్ల తొలగుతుంది. అంటే మామూలుగా కవరు విప్పరు, చిరునామా చదువుతారు. ఉద్యోగాల సైటు, కార్మిక సంఘం, క్యాన్సర్ ఆసుపత్రి, అప్పుల యాప్ - ఈ నాలుగు చిరునామాలు చాలవా ఒక మనిషి బతుకు తెలియడానికి?

కంపెనీకి తన రహస్యాలు కాపాడుకునే హక్కు లేదా అని అడగవచ్చు. ఉంది. కంపెనీ కంప్యూటరు మీద, కంపెనీ పని మీద ఉంది. యజమాని కొన్నది రోజుకు కొన్ని గంటల శ్రమనే తప్ప శ్రామికుణ్ని కాదు.

చట్టం ఈ తేడాను గట్టిగా పట్టుకోలేదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కన్నారు. అది ప్రధానంగా రాజ్యాన్ని నిలదీయడానికి పనికొస్తుంది. 2023 డేటా రక్షణ చట్టపు 7వ సెక్షను మాత్రం ఉద్యోగ అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారం వాడవచ్చునంది. నష్టమంటే ఏమిటో చెప్పేది ఎవరు? ఉద్యోగి వేరే పని వెతుక్కోవడం కూడా నష్టమేనా?

మాకు దగ్గరలోని పంజాగుట్ట పోలీసు స్టేషనులో 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. నాయకుల ఫోన్లు విన్నారన్న ఆరోపణ పత్రికల్లో నెలల తరబడి మొదటి పేజీ వార్త. హాస్టలు కుర్రవాడి ఫోను ఏ పేజీకీ ఎక్కదు.

రచయితలుగా మనకిది పరాయి సమస్య కాదు. ఎవరో చదువుతున్నారని తెలిసి రాసిన ఉత్తరంలో ఏ మాటలు మింగేస్తామో ఎమర్జెన్సీని చూసినవారికి తెలుసు. ఏం చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో ముందే రాసివ్వాలని ఉద్యోగులు కలిసి అడగాలి. ప్రస్తుతానికి మా కుర్రవాడు ఆఫీసులో వైఫై ఆపి, సొంత డబ్బుతో డేటా వేయించుకుంటున్నాడు. తన మాట తనదిగా ఉంచుకోవడానికి జీతంలోంచి కట్టే పన్ను అది.