ది గివింగ్ ట్రీ

ది గివింగ్ ట్రీ అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1964వ సంవత్సరము అక్టోబరు మాసమున హార్పర్ అండ్ రో సంస్థ ప్రకటించిన పిల్లల బొమ్మల పుస్తకము. కథను కూర్చినవాడును, చిత్రములను లిఖించినవాడును షెల్ సిల్వర్‌స్టీన్. ఆపిలు చెట్టొకటి తాను ప్రేమించిన బాలునకు తనకున్నదంతయు క్రమముగా నిచ్చివేయుటయే యిందలి యితివృత్తము. ఔదార్యమును గూర్చి పిల్లలకు చదివి వినిపింపదగిన గ్రంథములలో దీనిని ప్రథమమున నెన్నువారును, పిల్లల చేతికి దీని నీయనే రాదని వాదించువారును ఆ దేశమున నేటికిని గలరు. ఇంత చిన్న పుస్తకముపై నింత దీర్ఘకాలము వివాదము నడచుట బాలవాఙ్మయమున మిక్కిలి యరుదు.

సిల్వర్‌స్టీన్ 1930లో షికాగో నగరమున జన్మించెను. సైన్యమున చేరి జపాను, కొరియా దేశములలో నున్న కాలమున సైనికుల పత్రికయగు స్టార్స్ అండ్ స్ట్రైప్స్‌కు హాస్యచిత్రములు వేసి, స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట ప్లేబాయ్ పత్రికలో చిత్రకారుడుగా పేరొందెను. పాటలు కట్టుటయందును నేర్పరి. పెద్దల పత్రికలకు పనిచేయుచున్న యాతనిని పిల్లల రచనకు పురికొల్పినవాడు మిత్రుడును చిత్రకారుడును నగు టోమి ఉంగరర్. అతని ప్రోద్బలముననే సిల్వర్‌స్టీన్ హార్పర్ సంస్థలో బాలగ్రంథశాఖకు అధినేత్రియగు అర్సులా నార్డ్‌స్ట్రమ్‌ను కలిసికొనగా, 1963లో లాఫ్కాడియో యను సింహపు కథ వెలువడెను. చెట్టు కథకు మాత్రము ప్రచురణకర్త సులభముగా దొరకలేదు. సైమన్ అండ్ షూస్టర్ సంస్థ సంపాదకుడగు విలియం కోల్, ఇది పిల్లలకును చెందక పెద్దలకును చెందక నడుమ నిలిచిపోవునని తలచి త్రోసిపుచ్చెను. షార్లెట్స్ వెబ్, వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్ వంటి గ్రంథములను వెలువరించిన నార్డ్‌స్ట్రమ్, తక్కినవారిని వెనుకాడించిన యా విషాదాంతమును మార్పుమని కోరక స్వీకరించుట ఈ పుస్తకపు భాగ్యము. మొదట ముద్రించిన ప్రతులు ఐదు మొదలు ఏడున్నర వేలు మాత్రమే.

ముఖపత్రమున ఆకుపచ్చని చెట్టును ఎఱ్ఱని పండును ఉన్నవి. లోపలి పుటలలో తెల్లని కాగితముపై నల్లని సన్నని గీతలు దక్క రంగన్నది లేదు. బాలుడు ఆకులను ఏరి కిరీటము కట్టుకొని వనరాజై యాడుకొనును, కొమ్మల నూగును, పండ్లు తినును, నీడను నిద్రించును. పెరిగి పెద్దవాడై యప్పుడప్పుడు మాత్రమే వచ్చి, ధనము కావలెననగా పండ్లను, ఇల్లు కావలెననగా కొమ్మలను, పడవ కావలెననగా మానును గైకొని పోవును. తుదకు కూర్చుండ చోటు తప్ప మఱేమియు నక్కఱలేని ముదుసలియై వచ్చి, మిగిలిన మోడుపై కూర్చుండును. అప్పటికిని కథ యాతనిని బాలుడనియే పిలుచుచుండును. తాను పిల్లవాడై యున్ననాడు మానుపై చెక్కిన హృదయాకృతిలో ఎం.ఇ., టి. అను అక్షరములుండగా, యౌవనమున వై.ఎల్. అను వేఱొక పేరితో మఱియొక హృదయము దానిపై వెలయును. దీనిని గూర్చి కథలో నొక్క మాటయు లేదు. పుట త్రిప్పుచున్న శిశువు వ్రేలుపెట్టి చూపి, ఇదేమని యడుగవలసినదే.

ఇచ్చిన ప్రతిసారియు చెట్టు సంతసించెనని కథ చెప్పుచు వచ్చును. మాను నఱకబడిన పిమ్మట మాత్రము ఆ మాటను చెప్పినట్లే చెప్పి, మరుక్షణమున సందేహించి వెనుకకు తీసికొనును. పుస్తకపు విలువ యంతయు నా వెనుకంజలోనే యున్నదని ఈ వ్యాసకర్త యభిప్రాయము. అది లేకున్న నిది త్యాగమును పొగడు సామాన్యనీతికథగా ముగిసియుండెడిది. అది యుండుటచే, ఈయుట యెంతవఱకు తగును, పుచ్చుకొనువాడేమి కావలెను అను చింత పాఠకుని మనస్సున పుట్టుచున్నది.

ప్రథమమున దీనిని విస్తారముగా వ్యాపింపజేసినవారు క్రైస్తవ దేవాలయముల బోధకులును, ఆదివారపు బడుల యుపాధ్యాయులును. వారి దృష్టికి చెట్టు నిర్హేతుకమైన దైవప్రేమకు ప్రతిరూపము. 1973లో గ్రంథకర్త కంఠముతోనే కథ వినిపించు చిన్న చలనచిత్రము వచ్చెను. ముప్పదికి పైగా భాషలలోనికి అనువదింపబడి కోటికి మించిన ప్రతులు చెల్లినవి. జపానులో ప్రసిద్ధ నవలాకారుడగు హరుకి మురకామి 2010లో దీనిని క్రొత్తగా అనువదించెను.

ప్రచారముతోపాటు ఆక్షేపణలును పెరిగినవి. ఆంగ్లమూలమున చెట్టు స్త్రీగా వ్యవహరింపబడుటచే, తల్లి తన్ను తాను అరగదీసికొనుటయే ధర్మమని యాడపిల్లలకును, ఎంత పుచ్చుకొన్నను కృతజ్ఞత యవసరము లేదని మగపిల్లలకును ఇది నేర్పుచున్నదని స్త్రీవాదులు నిరసించిరి. ప్రకృతిని మానవుడు కొల్లగొట్టిన తీరును ఇందు చూచినవారును గలరు. 1995లో ఫస్ట్ థింగ్స్ పత్రిక పండితులచే దీనిపై నొక చర్చాగోష్ఠి నడపగా, వారిలోను ఏకాభిప్రాయము కుదురలేదు. భర్తృహరి సుభాషితములతో పెరిగిన మన పాఠకునకు ఫలభారముచే వంగు వృక్షము పరోపకారి యనుట సహజముగా తోచును గాని, ఆ వృక్షము ఒకని రాకకై యెదురుచూడదు, ఒంటరితనమున కుములదు. సిల్వర్‌స్టీన్ చెట్టు ఈ రెండును చేయును. గ్రంథకర్త వ్యాఖ్యానములకు విముఖుడు. ఇది యిరువురి నడుమ సంబంధమును గూర్చిన కథ, ఒకరు ఇత్తురు, ఒకరు పుచ్చుకొందురు అని మాత్రము చెప్పి యూరకుండెను. 1999లో ఆతడు మరణించెను.

అమెరికా నాటకకర్త టోఫర్ పేయ్న్ 2020లో ఈ కథకు వేఱొక ముగింపును కల్పించెను. అందు చెట్టు పండ్ల నిచ్చి, కొమ్మల నడిగినపుడు మృదువుగా కాదనును. ఇరువురును స్నేహితులై కలిసి వృద్ధులగుదురు. తమకు తామే హద్దులు గీచికొనలేక నలిగిన పెద్దలు దీనిని ఆదరముతో చదివిరి, అందులకు తగిన హేతువును గలదు. కాని మూలమును వినుచున్న పిల్లలు పడవ పుట వచ్చునప్పటికి, చెట్టుకు నొప్పి కలుగలేదా, వాడు మరల నీరైనను పోసెనా యని తామే యడుగుదురు. పేయ్న్ కూర్పున ఆ ప్రశ్న పిల్లవాని నోట పుట్టకముందే చెట్టు సమాధానము చెప్పివేయును. కావున పెద్దలకు ఆ కూర్పెంత మేలైనదైనను, పిల్లలకు చదివి వినిపించుటకు మూలమునే యెన్నుకొనవలెను.