విమానమెక్కిన గడియారములు



కాలము అందఱికిని ఒక్కతీరుననే గడచునని మనము నమ్ముదుము. పరుగిడు గడియారము మందగించునని 1905లో ఐన్‌స్టీను చెప్పెను. ఎత్తున నున్న గడియారము నేలమీది దానికంటె వడిగా నడచునని పిమ్మట చేర్చెను. గణితము సరిపోయినది. సూక్ష్మకణములయందు ఈ మాటకు సాక్ష్యము 1941లోనే దొరకినది. అయినను కణము గడియారము కాదుగదా!

1955లో ఇంగ్లండునందలి టెడ్డింగ్టనులో ఎస్సెను, ప్యారీ అనువారు సీజియము పరమాణువుల స్పందనమును ఆధారముగఁ గొని గడియారమును నిర్మించిరి. విచిత్రమేమనగా, ఈ ఎస్సెనునకే సాపేక్షతా సిద్ధాంతమునందు నమ్మకము లేదు. దానిని విమర్శించుచు 1971లో ఆయన ఒక చిన్న గ్రంథమును గూడ ప్రకటించెను. త్రాసు చేసినవాడే తూకమును శంకించినట్లయినది.

ఆ యేడే పరీక్ష జరిగెను. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున హాఫెలె అను ఉపాధ్యాయుడు పాఠమునకు సిద్ధపడుచు లెక్కవేసి, సామాన్య ప్రయాణికుల విమానమే ఇందులకు చాలునని గ్రహించెను. ధనమునకై యేడాది తిరిగినను ఫలము లేకపోయెను. తుదకు నౌకాదళ వేధశాలలోని కీటింగు తోడ్పడగా 8,000 డాలర్లు లభించెను. అందులో 7,600 టిక్కెట్లకే సరిపోయెను. గడియారములకును ఆసనములు కావలెను. ఆ టిక్కెట్లమీద ప్రయాణికుని పేరు "గడియారముగారు"!

1971 అక్టోబరులో నాలుగు గడియారములు ముందు తూర్పుగా, పిదప పడమరగా భూమిని చుట్టివచ్చెను. దిక్కుతో పనియేమని మీరడుగవచ్చును. భూమి తానే తూర్పునకు తిరుగుచున్నది. తూర్పునకు పోవు విమానము ఆ వేగమునకు తన వేగమును కలుపుకొనును. పడమరకు పోవునది అందుండి తీసివేసికొనును. కావున మొదటి యాత్రలో గడియారము నేలమీది దానికంటె మందగింపవలెను, రెండవదానిలో ముందుకు పోవలెను. ఎత్తువలన రెండింటను కొంత లాభమే. సెకనును నూఱుకోట్ల భాగములు చేసినచో, తూర్పున 40 భాగముల వెనుకబాటు, పడమర 275 భాగముల ముందడుగు ఉండవలెనని లెక్క తేలెను. లెక్కలోనే ఇరువది భాగములకు పైగా హెచ్చుతగ్గులకు తావు కలదు. వాషింగ్టనులోని వేధశాల గడియారముతో సరిచూడగా కనబడినవి 59, 273.

ఆ నాలుగును లోపములేనివి కావు. దారిలో వాని నడకలు మాఱుచుండెను. ఒకదానితో నొకటి ఎడతెగక పోల్చి, నడక మాఱినదానిని గుర్తించి సవరింపవలసివచ్చెను. ఈ సవరణలపై ఆక్షేపణలు వచ్చినమాట నిజము. కాని ఒక దిక్కున నష్టము, వేఱొక దిక్కున లాభము కనబడుటను సవరణ యొక్కటియే పుట్టింపజాలదని నా తలంపు.

తరువాత గడియారములు మఱింత సూక్ష్మమైనవి. 2010లో కొలరాడోలోని బోల్డరు నగరమున ఒక గడియారమును 33 సెంటీమీటర్లు, అనగా మన యింటి మెట్లు రెండింటి యెత్తు, పైకి లేపి చూచిరి. అంతమాత్రముననే అది వడిగా నడచెను.