లెక్క కలవని మైకులు

1960ల చివర అమెరికాలో ‘హెయిర్’ సంగీత నాటకానికి డాన్ డ్యూగన్ ధ్వని సమకూర్చాడు. వేదిక నిండా మైకులు. ఎవరు నోరు విప్పుతారో కనిపెట్టి ఆ మైకు మీట పైకి జరపాలి, మిగతావి దించాలి. ఉన్నవి రెండే చేతులు. నాటకానికైతే కనీసం రాసిపెట్టిన వరుస ఉంటుంది. బోర్డు మీటింగుకు అదీ ఉండదు.

అన్ని మైకులూ తెరిచి ఉంచితే ఏం పోయింది? మాట్లాడేవాడి గొంతు నేరుగా చేరేది దగ్గరి మైకుకే. ఏసీ హోరు, కాగితాల చప్పుడు మాత్రం అన్నిట్లోకీ దూరుతాయి. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ ఈ రొద 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అదే గదిలో స్పీకర్లు కూడా ఉంటే మైకు కూత ఎత్తుకుంటుంది.

డ్యూగన్ కనిపెట్టిన ఉపాయం పంపకం. గదిలోని మొత్తం ధ్వనిలో ఏ మైకుకు ఎంత వాటా అందుతోందో, గెయిన్‌లోనూ (ధ్వనిని పెంచే మోతాదులోనూ) దానికి అంతే వాటా. ఒక్కరే మాట్లాడితే దాదాపు అంతా ఆ మైకుదే. ఇద్దరు సమానంగా మాట్లాడితే చెరో 3 డెసిబెల్స్ తగ్గుతుంది. అందరూ మౌనంగా ఉన్నా మొత్తం గెయిన్ ఒక్క మైకు తెరిచినంతే. 1975లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో దీన్ని వివరించాడు. 1976లో పేటెంటు దక్కింది. ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ లైసెన్సు తీసుకుని యంత్రాలు తయారుచేసింది.

రెండో దారి గేటు: మాట వినబడితే తెరుచుకోవడం, లేకపోతే మూసుకోవడం. ష్యూర్ కంపెనీ 1983లో తెచ్చిన ఏఎమ్ఎస్ మైకులు తమ ఎదుట 120 డిగ్రీల పరిధిలోంచి వచ్చే గొంతుకే తెరుచుకునేవి. ఆ తరవాతి ఎస్‌సీఎమ్810 మిక్సర్‌లో ఎనిమిది మైకులు పట్టేవి. ఒకే గొంతు రెండు మైకులకు వినబడితే, గట్టిగా విన్నదే తెరుచుకునేది. అందరూ ఆగినప్పుడు చివరి మైకు తెరిచే ఉండేది. లేకపోతే అవతల వింటున్నవాళ్లకు లైను తెగిపోయిందేమోనన్న అనుమానం.

తొమ్మిదో కుర్చీ వేసిన రోజే అసలు చిక్కు. రెండో మిక్సర్ తెచ్చి, రెండిటి ధ్వనినీ తీగతో కలిపేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ చెరో నాలుగు మైకులు తెరుచుకున్నాయనుకుందాం. తెరిచిన మైకులు పెరిగేకొద్దీ మిక్సర్ గెయిన్ తగ్గిస్తుంది; ఇక్కడ ఒక్కోటీ తనవి నాలుగేనని 6 డెసిబెల్స్ తగ్గిస్తుంది. గదిలో తెరుచుకున్నవి ఎనిమిది, తగ్గాల్సింది 9. ఆ తేడా మూడే అయినా, అంచు మీదున్న గదిలో కూతకు చాలు. పైగా రెండు మిక్సర్ల హద్దులో కూర్చున్నాయన గొంతు అటొకటి, ఇటొకటి తెరిచి బోలుగా వినిపిస్తుంది. అందుకే ఎస్‌సీఎమ్810 వెనక ‘లింక్’ సాకెట్లు పెట్టారు. ధ్వని కలపడం వాటి పనిలో తేలిక భాగమే. ఏ మైకు గెలిచిందన్న నిర్ణయం అన్ని పెట్టెలకూ ఉమ్మడి కావాలి. కొనేవాళ్లు ఎక్కువగా మరిచేది దాన్నే.

దూరసంభాషణ వచ్చాక ఇంకో మెలిక పడింది. అవతలి ఊరి గొంతు ఇక్కడి స్పీకర్లోంచి వెలువడి, ఇక్కడి మైకుల్లో దూరి, మళ్లీ అక్కడికే ఎకోగా పోతుంది. దాన్ని తీసేసే ప్రక్రియకు స్పీకర్లోకి వెళ్లే ధ్వని నమూనా ముందే అందాలి. మిక్సింగు అయ్యాక ఒక్కచోటే ఎకో తీసేద్దామంటే, మైకు మారిన ప్రతిసారీ ఎకో వచ్చే దారి మారి, యంత్రం మొదటినుంచీ నేర్చుకోవాలి. అందుకే ఒక్కో మైకుకు విడిగా ఎకో తొలగించడం మొదలైంది. అలా పనిచేసే క్లియర్‌వన్ ఎక్స్‌ఏపీ 800 పెట్టెలు ఎనిమిదింటిని జోడిస్తే 64 మైకులు. అయితే ఆ నమూనాను లింకు గుండా ప్రతి పెట్టెకూ చేర్చే పని అమర్చేవాడిదే. ఒక్క పెట్టెకు అందకపోయినా దానికింది మైకులన్నీ ఎకో పంపుతాయి. ఇక్కడున్నవాళ్లకు అది వినబడదు, ఫిర్యాదు అవతలినుంచే రావాలి!

పాలీకామ్ కంపెనీ సౌండ్‌స్ట్రక్చర్ మిక్సర్లలో లింకుకు ‘ఒకే పెద్ద ఆడియో మ్యాట్రిక్స్’ అని అర్థమొచ్చే పేరే పెట్టారు. ఆ వరుసలోని సీ16 పెట్టెలు ఎనిమిది కలిస్తే 128 మైకులు, అమర్చేవాడి తెరమీద ఒక్క యంత్రమే. 2014లో యమహా క్యూఎల్ మిక్సర్లలో డ్యూగన్ పంపకం లోపలే ఇమిడిపోయింది. తీగల స్థానంలోకి నెట్‌వర్క్ వచ్చింది.

2016లో ష్యూర్ ఎమ్ఎక్స్ఏ910 మైకుల్ని బల్లమీంచి పైకప్పుకు ఎక్కించింది: ఒకే పలక, ఎనిమిది దిక్కులకు గురి, మిక్సర్ దాని లోపలే. పెద్ద గదిలో రెండు పలకలు బిగిస్తే ఆ మధ్యన కూర్చున్నవాడి గొంతును రెండూ పట్టుకుంటాయి. అప్పుడు రెండిటి ఉమ్మడి ధ్వనుల్ని కలిపితే సరిపోదు. పదహారు గురుల్నీ విడివిడిగా తెచ్చి, ఒకే ఆటోమిక్సర్‌లో పంచాలి.